కత్తిపీట ముందు పెద్దమ్మ: అర్ధనైరూప్యంగా మనిషి బొమ్మ వేయడం ఎలా

మనిషి బొమ్మ కాస్త చేతికి వచ్చాక చాలామందికి ఒక విసుగు మొదలవుతుంది. కన్ను కన్నులాగే ఉంటుంది, ముక్కు ముక్కులాగే ఉంటుంది. చూసినవాళ్ళు "అచ్చం ఫోటోలా ఉంది" అంటారు. ఆ మెచ్చుకోలే ముల్లులా గుచ్చుకుంటుంది. అక్కడి నుంచి మెడ సాగదీయడం, ముఖానికి నీలం పూయడం, చేతులు ఎగరగొట్టడం మొదలవుతుంది. నేనూ రెండేళ్ళు అదే పని చేశాను. ఆ కాన్వాసులన్నీ ఇప్పుడు అటక మీద ఉన్నాయి. వాటిలో వంకర ఉంది, మనిషి లేడు.

నాకు చాలా ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటి చెబుతాను. అర్ధనైరూప్యం అంటే మనిషి అని తెలిసేంత ఉంచి, మిగతా వివరాలు వదిలేసి, ఆకారాలను, రంగులను మార్చి వేయడం. ఈ పద్ధతి అంతా ఆ సంగతి మీదే నడుస్తుంది. శరీరం బరువు ఎక్కడ ఆనుతోందో అది సరిగ్గా పడాలి. అది పడితే ముఖం లేకపోయినా, వేళ్ళు లేకపోయినా, రంగు ఏదైనా మనిషి కనిపిస్తాడు. అది తప్పితే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టి వేసినా బొమ్మ గాలిలో తేలుతూనే ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే పాలంపేట వెళ్ళి రామప్ప గుడి చూడండి. 1213 నాటి ఆ గుడి చూరు కింద ఉన్న నల్లరాతి స్త్రీ శిల్పాలకు, అంటే మదనికలకు, ఉన్నంత పొడవు కాళ్ళు, అంత సన్నని నడుము ఏ ఆడమనిషికీ ఉండవు. అయినా అబద్ధమనిపించదు. బరువు ఒక కాలి మీద పడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి వాలుతుంది, తల మరో పక్కకు ఒరుగుతుంది. త్రిభంగం అంటే ఇదే. ఈ లెక్క తెలిసిన శిల్పి కాళ్ళను ఎంత సాగదీసినా చెల్లింది.

కావలసినవి

పెద్ద జాబితా ఏమీ లేదు. 18×24 అంగుళాల కాన్వాస్ ఒకటి తీసుకోండి. అంతకంటే చిన్నదైతే చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది, భుజం కదలదు. అక్రిలిక్ రంగులు ఐదు చాలు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ బ్లూ, క్యాడ్మియం రెడ్. నలుపు కొనకండి. అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు రంగు గొట్టంలోని నలుపు కంటే ప్రాణంతో ఉంటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో గోడలకు వాడే రెండంగుళాల బ్రష్షు, ఒక అంగుళం వెడల్పు పట్టె కుంచె, ఒక సన్నని కుంచె, గీకడానికి పాత ఏటీఎం కార్డు, బొగ్గు కడ్డీలు, బోలెడన్ని చవక కాగితాలు సిద్ధం చేసుకోండి. ఎండాకాలంలో వేస్తుంటే పక్కన తడిగుడ్డ, నీళ్ళు చిమ్మే సీసా ఉండాలి. మే నెలలో ఫ్యాను కింద అక్రిలిక్ పళ్ళెంలోనే గట్టిపడిపోతుంది.

‘ఫ్లెష్ టింట్’ అని ఒక గొట్టం అమ్ముతారు. గులాబీ రంగు లేహ్యంలా ఉంటుంది. మన ఊళ్ళల్లో ఆ రంగు మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మనిషిని పట్టుకోండి

మోడల్ కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. పనిలో మునిగిపోయి మిమ్మల్ని పట్టించుకోని మనిషి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. నాకు మా పెద్దమ్మ దొరికింది. కత్తిపీటతో కూరగాయలు తరిగే ఆ తరం మనిషి. కొందరు పీట మీదే కూర్చుంటారు. మా పెద్దమ్మ నేల మీద కూర్చుని, ఎడమ కాలు మడిచి, కుడి మోకాలు నిలబెట్టి, ఆ పాదంతో పీటను నొక్కిపెడుతుంది. "ఐదు నిమిషాలు కదలకుండా కూర్చో పెద్దమ్మా" అంటే, "నేను కూర్చుంటాను, పొయ్యి మీద ఎసరు ఆగుతుందా?" అంది. ఆగకపోవడమే మంచిదైంది. కదిలే మనిషిని గీస్తేనే బరువు ఎటు పోతోందో తెలుస్తుంది.

ఫోటో తీసి దాన్ని చూసి మొదలుపెట్టకండి. ఫోనుతో దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముందున్న మోకాలు గుమ్మడికాయంత అవుతుంది, వెనక ఉన్న తల నిమ్మకాయంత అవుతుంది. ఆ పొరపాటును మీరు శైలి అనుకునే ప్రమాదం ఉంది.

కాగితాలు ముందు పెట్టుకుని 30 సెకన్లకు ఒకటి చొప్పున పది బొమ్మలు గీయండి. తర్వాత రెండేసి నిమిషాల్లో ఐదు, ఆ తర్వాత పదేసి నిమిషాల్లో రెండు. మొత్తం 35 నిమిషాలు. పెద్ద గుమ్మడికాయ తరగడానికి దాదాపు అంతే పడుతుంది. మొదటి పదింటిలో తల గీయకండి. తలతో మొదలుపెడితే సమయమంతా జుట్టుకే పోతుంది. నేలను ఏయే భాగాలు తాకుతున్నాయో అవి ముందు గుర్తుపెట్టండి. పిరుదు, మడిచిన కాలి పక్క, పీట మీది పాదం. తర్వాత వెన్నెముక ఒకే గీతగా వేయండి. ఆ తర్వాత భుజాల వాలు, తుంటి వాలు. ఆ 30 సెకన్లలో ఇంకా సమయం మిగిలితే తలకు ఒక చుక్క.

బరువు వెతకడం

ఈ మెట్టు దగ్గర ఎంతసేపు గడిపినా ఎక్కువ కాదు.

నిలబడ్డ మనిషిని గీస్తుంటే దారానికి తాళంచెవి కట్టి కంటికి ఎదురుగా వేలాడదీయండి. దారాన్ని గొంతు గుంట మీదికి తెచ్చి కిందికి చూడండి. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డ మనిషిలో ఆ దారం ఆ కాలి చీలమండ దగ్గరికే దిగుతుంది. మీ బొమ్మలో దానికి దూరంగా దిగితే మనిషి పడిపోతున్నట్టే లెక్క. కావాలని పడేస్తే అది వేరే సంగతి.

కూర్చున్న మనిషిలో వ్యవహారం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. పెద్దమ్మ చిక్కుడుకాయలు తరిగేటప్పుడు బరువంతా వెనక, పిరుదుల మీద ఉంది. వీపు వదులుగా, భుజాలు జారి ఉన్నాయి. చేతులు రెండూ ఒళ్ళో పడుకున్నట్టు కదులుతున్నాయి. గుమ్మడికాయ చేతిలోకి తీసుకోగానే మొత్తం మారిపోయింది. కాయను కత్తి మీదికి నొక్కడానికి ఒళ్ళు ముందుకు వాలింది. మోచేతులు బిగిశాయి. మెడ భుజాల్లోకి దిగింది. పీట మీది పాదం వేళ్ళు కర్రను పట్టుకున్నట్టు వంగాయి. నేల మీది పిరుదు ఒక పక్కన కాస్త లేచింది కూడా. అదే మనిషి, అదే చోటు, అదే చీర. కానీ ఇవి రెండు వేర్వేరు బొమ్మలు. మీరు ఏది వేస్తున్నారో ఇక్కడే తేల్చుకోండి. నేను గుమ్మడికాయను ఎంచుకున్నాను.

ఎంచుకున్న స్కెచ్ పక్కన ఒక్క వాక్యం రాసుకోండి. నేను రాసుకున్నది: "వీపు నుంచి బయలుదేరిన బలం చేతుల గుండా కత్తి మీదికి దిగుతోంది, పాదం దాన్ని కిందికి పట్టి ఉంచుతోంది." తర్వాత ఏ సందేహం వచ్చినా ఈ వాక్యాన్నే అడగాలి. చీర అంచు వేయాలా? ఈ వాక్యంలో చీర అంచు లేదు. వేయనక్కరలేదు.

ఏం ఉంచాలి, ఏం వదలాలి

స్కెచ్ మీద ట్రేసింగ్ కాగితం పెట్టి మూడంటే మూడు ఆకారాలు ఎత్తి రాయండి. నాకు వచ్చినవి: వీపు వంపు ఒక పెద్ద విల్లు, నిలబెట్టిన మోకాలు ఒక త్రికోణం, చేతులు, కాయ, కత్తి కలిసి ఒకే ముద్ద. ముద్దగా కలపడం ముఖ్యం. చెయ్యి వేరు, కాయ వేరు అని మనకు తెలుసు. కంటికి అలా కనిపించదు. నొక్కుతున్న క్షణంలో అవి ఒకే వస్తువు.

రెండో కాగితం మీద ఆ మూడు ఆకారాలను జరపండి, పెంచండి, తగ్గించండి. ఇక్కడ మన తోలుబొమ్మల దగ్గర నేర్చుకోవలసింది ఉంది. నిమ్మలకుంట బొమ్మల్లో తల పక్కకు తిరిగి ఉంటుంది, ఛాతీ మన వైపు ఉంటుంది, పాదాలు మళ్ళీ పక్కకు. ఏ భాగం ఎటు నుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తుందో అటు తిప్పి అతికించారు. తెర వెనక దీపం వెలుగులో, దూరంగా కూర్చున్న ఊరి జనానికి అర్థం కావాలి కదా! మీరూ అలా చేయవచ్చు. నేను పెద్దమ్మ వీపును వెనక నుంచి చూసినట్టు, పాదాన్ని పైనుంచి చూసినట్టు పెట్టాను. కళాశాల పరీక్షలో సున్నా వస్తుంది, కానీ బరువు రెట్టింపు అయింది.

ఆకారాలు ఎక్కడ పెట్టాలో తేలకపోతే రంగు కాగితాలు కత్తిరించి కాన్వాస్ మీద పిన్నులతో గుచ్చి జరపండి. పిల్లల ఆట అనుకోవద్దు. 1935లో ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మతీస్ ‘పింక్ న్యూడ్’ వేస్తూ సరిగ్గా ఇదే చేశాడు. దాదాపు ఆరు నెలలు పట్టిన ఆ చిత్రం దశలను 22 ఫోటోలుగా తీయించి, దాన్ని తర్వాత కొన్న అమెరికన్ కళాసేకర్త ఎట్టా కోన్‌కు పంపాడు. చిత్రం ఇప్పుడు అమెరికాలోని బాల్టిమోర్ మ్యూజియంలో ఉంది. మొదటి ఫోటోలో పడుకున్న స్త్రీ మామూలుగానే ఉంటుంది. పోనుపోను చెయ్యి పెరుగుతుంది, తల చిన్నదవుతుంది, ఒళ్ళు అంచుల దాకా పాకుతుంది. వంకర ఆయనకు మొదటి రోజే రాలేదు.

చిన్న బొమ్మల్లో వెలుగునీడలు

పోస్టుకార్డులో సగం ఉండే గళ్ళు ఆరు గీసి, తెలుపు, బూడిద, నలుపు మాత్రమే వాడి ఆరు రకాలుగా నింపండి. ఒక దాంట్లో వీపు తెలుపు, నేల నలుపు. మరో దాంట్లో వీపు, గోడ రెండూ బూడిదే, మోకాలు ఒక్కటే తెలుపు. గది అవతలి మూల నుంచి చూసినప్పుడు ఏది కంటిని పట్టుకుంటే అది మీ చిత్రం. పది నిమిషాల పని. దీన్ని ఎగ్గొట్టిన ప్రతిసారీ నాకు కాన్వాస్ మీద పది గంటలు వృథా అయ్యాయి.

కాన్వాస్ మీదికి

తెల్ల కాన్వాస్ కంటికి సవాలు విసురుతుంది, ప్రతి రంగునూ ముదురుగా చూపిస్తుంది. బర్న్‌ట్ సియెన్నాను నీళ్ళతో పల్చగా చేసి, రెండంగుళాల బ్రష్షుతో మొత్తం పూసి, గుడ్డతో తుడిచేయండి. ఎర్రమట్టి అలికిన అరుగు రంగు వస్తుంది. ఆరాక బొగ్గు కడ్డీని మూరెడు పుల్లకు కట్టి, చెయ్యి చాచి గీయండి. పుల్ల ఎందుకంటే, వేళ్ళ నేర్పు అక్కడ పనిచేయదు. గీత వణుకుతుంది, పెద్దదవుతుంది, నిజాయితీగా వస్తుంది. గీశాక పొడిగుడ్డతో దులిపేయండి, లేకపోతే బొగ్గు రంగులో కలిసి అంతా మురికవుతుంది. మిగిలిన మసక గీత చాలు.

ఇప్పుడు పెద్ద కుంచెతో ముద్దలు వేయండి. ఒళ్ళు పూర్తి చేసి తర్వాత నేపథ్యం నింపుదాం అనుకోకండి. ఈ తరహా చిత్రాల్లో అందరూ చేసే తప్పు అదే. అలా చేస్తే మనిషి కత్తిరించి అతికించిన స్టిక్కరులా ఉంటుంది. వీపుకు రెండు పూతలు వేస్తే గోడకూ రెండు వేయండి. వీపు నీడ, గోడ నీడ ఒకే ముదురులో ఉన్న చోట రెంటినీ ఒకే పూతతో కలిపేయండి, గీత కనిపించకూడదు. ఎదురు వైపు, మోకాలికి వెలుగు తగిలే చోట అంచును కత్తితో కోసినట్టు ఉంచండి. ఒక అంచు కరిగిపోయి, ఒక అంచు నిలిస్తే చూసేవాడి కన్ను మిగతాది తానే పూరిస్తుంది. సగం బొమ్మ మీరు వేస్తారు, సగం అతను వేసుకుంటాడు.

కుంచె వెడల్పే మీకు క్రమశిక్షణ. కాలిఫోర్నియాలో చిత్రకారుడు డేవిడ్ పార్క్ 1949లో తన నైరూప్య చిత్రాలను, అంటే గుర్తుపట్టే రూపమేదీ లేని చిత్రాలను, కారులో వేసుకుని వెళ్ళి బర్కిలీ చెత్తకుప్పలో పారేసి, మళ్ళీ మనుషులను వేయడం మొదలుపెట్టాడు. ఆయన చివరి చిత్రాల్లో ఒక ముంజెయ్యి అంటే మందపాటి కుంచెతో ఒక్క లాగు. నైరూప్యంలో నేర్చిన చెయ్యి వృథా కాలేదు. మీరూ పాదాన్ని అంగుళం కుంచెతో మూడు లాగుల్లో వేసి చూడండి. మొదటి లాగు పైభాగం, రెండోది పక్క, మూడోది నేల మీది నీడ. కుదరకపోతే తడిగా ఉండగానే కార్డుతో గీకేసి మళ్ళీ వేయండి. నాకు ఏడోసారి కుదిరింది.

రంగు సంగతి

ఒంటి రంగు ఏమిటి అని అడగకండి. వెలుగు వెచ్చగా ఉందా, చల్లగా ఉందా అని అడగండి. కిటికీ నుంచి పగటి వెలుగు వస్తుంటే వెలుగు పడ్డ చోట కాస్త నీలం కలిసిన బూడిద ఉంటుంది, నీడలో ఎరుపు ఉంటుంది. బల్బు వెలుగులో దీనికి తలకిందులు. చామనఛాయ ఒంటికి ఓకర్, సియెన్నా సగం సగం కలిపి, నీడకు అల్ట్రామెరైన్ చేర్చుకుంటూ పోండి, వెలుగుకు తెలుపు, చిటికెడు ఎరుపు. అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. అందుకే తడిగా ఉన్నప్పుడు కాస్త లేతగా అనిపించేలా కలపండి.

ముదురు, లేత లెక్క తప్పనంత వరకు రంగుకు స్వేచ్ఛ ఉంది. వీపును ఆకుపచ్చగా వేసినా, అది గోడ కంటే ఎంత ముదురుగా ఉండాలో అంతే ఉంటే కన్ను ఒప్పుకుంటుంది. అనుమానం వస్తే ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి మీ చిన్న గళ్ళ బొమ్మతో పోల్చండి. ఫోటో నుంచి బొమ్మ వేయవద్దన్నాను కానీ, బొమ్మను ఫోటో తీయవద్దనలేదు.

చదును రంగు ఇష్టమైతే మన దేశపు చిత్రకారుడు త్యేబ్ మెహతా చిత్రాలు చూడండి. 1970ల్లో వేసిన వాటిలో ఒక ఏటవాలు గీత కాన్వాసును, దానితో పాటు శరీరాన్నీ కోసుకుంటూ పోతుంది. ఇరువైపులా నీడ లేని, చదునైన రంగు. కండ ఒక్కటీ చూపించకుండానే శరీరం తెగినట్టు తెలుస్తుంది.

పాడుచేసే రోజు

రెండో రోజుకో మూడో రోజుకో బొమ్మ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ చచ్చినట్టు ఉంటుంది. ఇది అందరికీ వచ్చే రోజు. చిత్రకారుడు విల్లెమ్ డి కూనింగ్ న్యూయార్క్‌లో ‘ఉమన్ 1’ మీద 1950 నుంచి 1952 దాకా గీకుతూ, వేస్తూ, మళ్ళీ గీకుతూ గడిపాడు. ఒక దశలో విసిగి పక్కన పడేశాడు. మీకు మూడు రోజులకే నిరాశ వస్తే తొందరపడ్డట్టే.

కాన్వాసును తలకిందులుగా పెట్టండి. మనిషి మాయమై ఆకారాలే మిగులుతాయి. ఏ ఆకారం నీరసంగా ఉందో అప్పుడు తెలుస్తుంది. దాన్ని మాత్రం మొత్తంగా పూసేయండి. సరిదిద్దుతూ కూర్చోకండి. నా బొమ్మలో అది ఎడమ చెయ్యి. బాగా కుదిరిందని దాన్ని కాపాడుకుంటూ మిగతాదంతా దాని చుట్టూ ఇరికించాను. పూసేయగానే గుమ్మడికాయ ముద్దకు ఊపిరి వచ్చింది. పూసేముందు ఫోటో తీసి ఉంచుకోండి, గుండె నిబ్బరం కోసం.

ముఖం ఏం చేయాలి అని అందరూ అడుగుతారు. కళ్ళు పెడితే చూపు అక్కడే తగులుకుంటుంది, వీపు వృథా అవుతుంది. పూర్తిగా ఖాళీ గుడ్డులా వదిలితే బట్టల దుకాణం బొమ్మ అవుతుంది. మధ్యేమార్గం ఒకటుంది. తల ఎటు వంగిందో చెప్పే రెండు పలకలు వేయండి, నుదురు ఒక రంగు, దవడ కింద నీడ ఇంకో రంగు. ముక్కు వాలు ఒక్కటి గీస్తే చూపు దిశ తెలిసిపోతుంది.

చివరగా గీత. రంగు ఆరిన తర్వాత సన్నని కుంచెతో మూడు చోట్ల మాత్రమే గీత తిరిగి తీసుకురండి. నేను వెన్ను వంపు మీద ఒకటి, మోకాలి చిప్ప దగ్గర ఒకటి, పాదం బొటనవేలు పీటను పట్టుకున్న చోట ఒకటి వేశాను. ఒళ్ళంతా చుట్టేస్తే అది రంగులు నింపే పుస్తకం అవుతుంది.

ఆపడం

బొమ్మలకు సంబంధం లేని మనిషికి చూపించండి. "ఎలా ఉంది?" అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. "ఈ మనిషి ఏం చేస్తోంది?" అని అడగండి. "ఏదో బరువైన దాన్ని నొక్కుతోంది" అంటే కుంచె కడిగేయండి. "కూర్చుంది" అంటే ఇంకా పని ఉంది. "ఎవరు?" అని ఎదురు ప్రశ్న వేస్తే ముఖం ఎక్కువైందన్నమాట.

మా పెద్దమ్మ చాలాసేపు చూసింది. "ఇది నేనెందుకవుతానురా, ఈ రంగేమిటి?" అంది. కాసేపాగి, "కాలు మాత్రం నాదే" అంది.

అక్రిలిక్ పైకి ఆరినట్టు కనిపించినా, మందంగా వేసిన చోట లోపల తడి ఉంటుంది. వారం పది రోజులు గోడకు ఆనించి ఉంచి, ఆ తర్వాతే వార్నిష్ పూయండి. వానాకాలమైతే ఇంకొన్నాళ్ళు ఆగండి. ఒక కాన్వాసు ముఖం మీద మరో కాన్వాసును ఆనించవద్దు, వేసవిలో అక్రిలిక్ అతుక్కుంటుంది. ఈలోగా ఆ 17 స్కెచ్‌లలోంచి చిక్కుడుకాయలు తరిగే బొమ్మను బయటికి తీసి, రెండో కాన్వాసుకు ఎర్రమట్టి రంగు పూసి పెట్టుకోండి.